నెరైట్ నత్తలు అద్దం మెరిపించాయి, నల్ల నాచుని మాత్రం ముట్టుకోవట్లేదు. ఈ తెల్ల చుక్కల సంగతేంటి?

పాచిబుర్ర
మొక్కల ట్యాంక్, చిన్న చేపలు. అద్దం మీద గోకినా ఊడని పచ్చ చుక్కలు పట్టేశాయని నెరైట్ నత్తలు వేశాను. "ఇవి వేశాక ఇక నాచు సంగతి మర్చిపోండి" అన్నాడు అమ్మినతను. అద్దం వరకు నిజమే, తళతళలాడుతోంది. ఆకుల అంచులకీ, ఫిల్టర్ మూతికీ వేలాడే నల్ల కుచ్చుల జోలికి మాత్రం ఒక్కటీ పోదు. తప్పుకుని మరీ వెళ్తున్నాయి. పైగా చెక్క మీద, రాళ్ళ మీద, పైపు మీద నువ్వుగింజల్లా తెల్ల చుక్కలు. గీకితే గోరు అరుగుతోంది గానీ చుక్క కదలట్లేదు. ఇది జబ్బా, గుడ్లా? గుడ్లయితే రేపు ట్యాంక్ నిండా నత్తలేనా?

నత్తనడక
గుడ్లే. కంగారు పడకండి, మంచినీళ్ళలో అవి నత్తలు కావు. ఒక్కో చుక్క ఒక్కో సంచి, లోపల పదుల కొద్దీ గుడ్లుంటాయి. మనం పెంచే నెరైట్లలో చాలా రకాలు ఏటి నీళ్ళలో బతుకుతాయి, గుడ్లూ అక్కడే పెడతాయి. బయటికొచ్చిన పిల్ల ప్రవాహంతో పాటు సముద్రంలోకి కొట్టుకుపోయి, అక్కడ కొన్నాళ్ళు ప్లవకంలో, అంటే నీళ్ళలో తేలుతూ తిరిగే చిన్న జీవుల్లో కలిసి తేలి, నత్త రూపం వచ్చాక మళ్ళీ ఏదో ఒక ఏటిలోకి చేరి ఎగువకి పాకుతుంది. మీ ట్యాంకులో ఉప్పునీటి మజిలీ లేదు, కాబట్టి సంతానం లేదు.

చేపలపిచ్చి
పిల్లలు రావు సరే, చుక్కలు పోవు కదా. మా నల్ల చెక్క ఇప్పుడు చుక్కల చెక్క.

గాజుగోడ
ఊడకపోవడానికి కారణం ఉంది. ఆడనత్త తను తిన్నదాంట్లో అరగని ఇసుక రేణువుల్నీ డయాటమ్ (గట్టి పెంకుండే సూక్ష్మ నాచు) పెంకుల్నీ లోపల ఒక తిత్తిలో దాచుకుని, గుడ్డుసంచి మీద వాటితో గట్టి పూత వేస్తుంది. అద్దం మీదవైతే బ్లేడుతో తీసెయ్యండి. యాక్రిలిక్ ట్యాంక్ అయితే బ్లేడు వద్దు, గీతలు పడతాయి, పాత ప్లాస్టిక్ కార్డు వాడండి. చెక్క మీదవి వదిలెయ్యడమే, మెల్లగా వాటంతట అవే రాలతాయి. మచ్చ ఇంకొన్నాళ్ళు ఉంటుంది.

పాచిబుర్ర
మగవాటినే ఏరి తెచ్చుకుంటే?

నత్తనడక
నెరైట్లలో ఆడ వేరు, మగ వేరు, అది నిజమే. కానీ పైపైన చూసి చెప్పడం మనవల్ల కాదు. ఒక్కదాన్నే పెంచినా చుక్కలు రావచ్చు, అంతకుముందే జతకట్టిన ఆడది వీర్యాన్ని దాచుకోగలదు.

బురదరాణి
చుక్కల గోలలో అసలు ప్రశ్న పక్కకి పోయింది. పాచిబుర్ర గారూ, మీరు చెప్పే నల్ల కుచ్చులు చూడటానికే నలుపు, వర్గం మాత్రం ఎర్ర నాచు. ఒక పోగు తీసి స్పిరిట్‌లో వేసి చూడండి, ఎర్రబడుతుంది. అది తోలులా గట్టిది, నెరైట్లకి పనికిరాదు. నెరైట్ పని గట్టి నేల మీద పలచటి పొర గీకడం. అద్దం మీది గోధుమ రంగు డయాటమ్ పూత, పచ్చ దుమ్ము, చుక్కల నాచు, ఇవీ దాని మెనూ. దారాలు, కుచ్చులు, నీళ్ళని పచ్చగా మార్చే తేలే నాచు దానికి సంబంధం లేని విషయాలు. నీలిపచ్చ జిగురు పొర ఉంటుందే, అది అసలు నాచే కాదు, బ్యాక్టీరియా. దాన్నీ దాదాపు ఏ నత్తా తినదు.

అమ్మేవాళ్ళు "నాచు తినే నత్త" అనేసి ఊరుకుంటారు. ఏ నాచు అని మనమే అడగాలి.

మొండిఘటం
నన్నడిగితే ఏ నత్తా నాచు సమస్య తీర్చదు. నాచు ఎందుకొచ్చింది? వెలుతురు ఎక్కువ, నీళ్ళలో ఎరువు ఎక్కువ. నత్త నాచు తింటుంది, పెంట వేస్తుంది, అది మళ్ళీ ఎరువే. నైట్రేట్ ఎక్కడికీ పోలేదు, చేతులు మారింది అంతే. లైట్‌కి టైమర్ పెట్టి రోజుకి 6 నుంచి 8 గంటలకి తగ్గించండి, చేపలకి మేత తగ్గించండి, నీళ్ళు మార్చండి. ఆ తర్వాత నత్తే అక్కర్లేదు.

చేపలపిచ్చి
మొండిఘటం అన్నా, మీ ట్యాంకులో అద్దం ఎవరు గీకుతారు మరి?

మొండిఘటం
నేనే. ఆదివారం.

చేపలపిచ్చి
అంటే ఆ ఇంట్లో నత్త మీరే 😄

గాజుగోడ
మొండిఘటం చెప్పింది సగం ఒప్పుకుంటా. నత్త ట్యాంకులోంచి ఎరువుని బయటికి తీసుకుపోదు, నీళ్ళు మారిస్తేనో ఎదిగిన మొక్కల్ని కత్తిరిస్తేనో పోతుంది. కానీ నాచు పొరగా ఉండటం వేరు, పెంటగా అడుగున పడటం వేరు. పెంటనైతే సైఫన్‌తో లాగెయ్యొచ్చు, మొక్కల వేళ్ళు తీసుకుంటాయి. ఆకు మీద పొర పోతే ఆకుకి వెలుతురు అందుతుంది. బాగా ఎదిగే మొక్క నాచుకి పోటీ. కాబట్టి "చేతులు మారింది అంతే" అనడం అన్యాయం, ఎవరి చేతికి మారిందన్నదే ముఖ్యం.

నత్త నోట్లో రాడ్యులా అని ఒక పట్టీ ఉంటుంది, దాని మీద వరసలు వరసలుగా పళ్ళు. ముందు పళ్ళు అరుగుతుంటే వెనకనుంచి కొత్త వరస వస్తూనే ఉంటుంది. నాచు పట్టిన అద్దం మీద నత్త వెళ్ళిన దారిని పక్కనుంచి టార్చ్ వేసి చూడండి, వంకరటింకర గీకుడు గీతలు వరసగా కనిపిస్తాయి.

తీరంవెంట
పళ్ళ మాటొచ్చింది కాబట్టి. సముద్రపు రాళ్ళకి గొడుగు ఆకారంలో అతుక్కుని ఉండే లింపెట్ నత్తల పళ్ళలో గీథైట్ అనే ఇనుప ఖనిజం సన్నటి పోగులుగా ఉంటుంది. 2015లో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం వాళ్ళు లాగి పరీక్షిస్తే, అప్పటిదాకా జీవులు తయారుచేసే వాటిలో అన్నిటికన్నా దృఢం అనుకున్న సాలెపట్టుని అది దాటిపోయింది. నాచుతో పాటు రాతినీ కొంచెం గీకుతాయి మరి, ఆ మాత్రం పళ్ళుండాలి.

ముత్యాలగుల్ల
అందరూ నెరైట్ నెరైట్ అంటున్నారు. మిస్టరీ స్నెయిల్ వెయ్యండి, చూడటానికీ బాగుంటుంది. ఊపిరి కోసం పొడుగాటి గొట్టం పైకి చాపి గాలి పీల్చడం చూస్తూ గంటలు గడిపెయ్యొచ్చు. మా దానికి నాచంటే ప్రాణం.

బురదరాణి
ముత్యాలగుల్ల గారూ, మీది చేప మేత మిగులు తిని బతుకుతోంది, మధ్యలో మెత్తటి నాచు నాకుతుంది. గట్టి పచ్చ చుక్కల మీద దాని ప్రతాపం సున్నా. అందానికి పెంచుకోండి, నాచు పనివాడని పెంచకండి.

మొండిఘటం
ఆ జాతి నత్త మొక్కల్ని నమిలేస్తుంది కదా? మా స్నేహితుడి ట్యాంకులో కాడలు మాత్రమే మిగిలాయి.

ముత్యాలగుల్ల
మాది ఒక్క బతికున్న ఆకు కూడా ముట్టలేదు. కుళ్ళిన ఆకులే తింటుంది.

నత్తనడక
ఇద్దరూ నిజమే చెబుతున్నారు, నత్తలు వేరు. ట్యాంకుల్లో మిస్టరీ అని దొరికేది మామూలుగా పొమేసియా డిఫ్యూసా, అది మెత్తటివీ కుళ్ళినవీ తింటుంది. దాని దగ్గరి చుట్టం పొమేసియా కెనాలిక్యులేటా మాత్రం పచ్చి మొక్కని నరికేస్తుంది. దక్షిణ అమెరికా నత్త. తినడానికి పనికొస్తుందని 1980 ప్రాంతంలో తైవాన్‌కి తెచ్చారు, అక్కడినుంచి ఫిలిప్పీన్స్, ఇంకా చాలా ఆసియా దేశాలకి పాకింది. తినేవాళ్ళు తక్కువయ్యారు, అది వరి నారు తినడం మొదలుపెట్టింది. ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో దాని పేరుంది. 2012లో యూరోపియన్ యూనియన్ ఈ ఒక్క జాతితో ఆగకుండా పొమేసియా ప్రజాతి మొత్తాన్ని నిషేధించింది, పాపం డిఫ్యూసా కూడా అందులో పోయింది.

రెండూ నీటిమట్టానికి పైన గుత్తులుగా గుడ్లు పెడతాయి. నెరైట్ గుడ్లలా కాదు, ఇవి మంచినీళ్ళ ట్యాంకులోనే పిల్లలవుతాయి. వద్దనుకుంటే గుత్తి తడిగా ఉన్నప్పుడే తీసేసి ఫ్రీజర్‌లో పెట్టి పారెయ్యండి.

బురదరాణి
దానికో మాట కలుపుతా. ఎక్కువైన నత్తల్ని చెరువులోనో కాలవలోనో వదిలేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, దయచేసి ఆపండి. న్యూజిలాండ్ మట్టినత్త అని బియ్యపుగింజ సైజుది ఒకటుంది. మగది లేకుండానే పిల్లల్ని కంటుంది. చేప మింగితే కొన్ని అటువైపునుంచి ప్రాణాలతో బయటపడతాయి. ఉత్తర అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా ఏర్లలో చాలా చోట్ల ఇప్పుడు అది పాతుకుపోయింది. ఒక్కటి చాలు.

కొత్తనీళ్ళు
మధ్యలో దూరుతున్నా. నేను నత్తలు కొనలేదు, మొక్కలతో పాటు వచ్చాయి. చిన్నవి, గోధుమ రంగు, అద్దం అంతా అవే. నాచు తింటాయా? ఉంచాలా, చంపాలా?

గాజుగోడ
కొత్తనీళ్ళు, గుల్ల మొన పైకి పెట్టి, నోరు మీ వైపు తిప్పి చూడండి. నోరు ఎడమవైపు ఉంటే బ్లాడర్ నత్త. కుడివైపు ఉంటే లిమ్నియా కుటుంబపు చెరువు నత్త కావచ్చు. చదునుగా చక్రంలా చుట్టుకుని ఉంటే రామ్స్‌హార్న్. పొడుగ్గా మొనదేలి, పగలంతా ఇసుకలో దాక్కుని రాత్రి బయటికొస్తే ట్రంపెట్.

కొత్తనీళ్ళు
ఎడమ.

గాజుగోడ
అయితే బ్లాడర్. మెత్తటి నాచు, ఎండిన ఆకు, చచ్చిన చేప, మిగిలిన మేత, ఏదైనా తింటాయి. ఒక్కటే ఉన్నా గుడ్లు పెట్టగలదు, ఆడా మగా రెండూ అదే. ఇవి ఎక్కువయ్యాయంటే మేత ఎక్కువ పడుతోందని. మేత తగ్గిస్తే కొన్ని వారాల్లో సంఖ్య దానంతటదే దిగుతుంది. చంపడానికి మందు వెయ్యకండి, ఒకేసారి అన్నీ చస్తే అమ్మోనియా ఎగబాకి చేపలు పోతాయి.

మొండిఘటం
దీంట్లో గాజుగోడతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. రాసి పెట్టుకోండి, రోజూ జరగదు.

ఉప్పునీళ్ళు
సముద్రపు ట్యాంక్ వాళ్ళు ఎవరూ మాట్లాడట్లేదేంటి? మా లోకంలో నత్తల్ని ట్యాంక్ శుభ్రం చేసే దండుగా అమ్ముతారు, దాంట్లో సగం అబద్ధం. నసారియస్ నాచు తినదు, ఇసుకలో పూడుకుని మాంసం వాసన తగిలితే లేస్తుంది. మార్గరీటా చల్లటి సముద్రాలది, వెచ్చటి పగడాల ట్యాంకులో వేస్తే మెల్లగా చస్తుంది, అయినా అమ్ముతూనే ఉన్నారు. ఆస్ట్రియా అనే నత్త మంచి పనివాడే, కానీ ఇసుక మీద వెల్లకిలా పడితే తనంతట తను తిరగలేదు, పీతలకి విందు. రోజూ ఒకసారి చూసి తిప్పాలి. ట్రోకస్ అయితే తనే తిరుగుతుంది, కొన్నిసార్లు ట్యాంకులోనే పిల్లలు కూడా అవుతాయి. నా ఓటు దానికే. టర్బో దారపు నాచుని కూడా లాగేస్తుంది, అయితే బుల్డోజర్ రకం, అంటించని పగడాల్ని పడేసుకుంటూ పోతుంది.

చేపలపిచ్చి
తిప్పడానికి రోజూ మీరు చెయ్యి పెట్టాలా? నత్త మీకు సేవ చేస్తోందా, మీరు నత్తకా?

ఉప్పునీళ్ళు
దాని గురించి మాట్లాడొద్దు.

తీరంవెంట
మొండిఘటం గారు మొదట్లో "ఏ నత్తా నాచు సమస్య తీర్చదు" అన్నారు. ట్యాంక్ సంగతి నాకు తెలీదు గానీ తీరం మీద మాత్రం నత్త ఉందా లేదా అన్నదాన్ని బట్టే రాతి రంగు మారుతుంది. 1967లో టోరీ కేన్యన్ అనే చమురు నౌక ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ దగ్గర రాళ్ళకి కొట్టుకుంది. చమురు కన్నా దాన్ని కడగడానికి చల్లిన డిటర్జెంట్లే ఎక్కువ నష్టం చేశాయి, లింపెట్లు గుట్టలుగా చచ్చాయి. ఆ తర్వాత తీరపు రాళ్ళు ముందు పచ్చ నాచుతో, తర్వాత గోధుమ రంగు సముద్రపు నాచుతో నిండిపోయాయి. కొత్త లింపెట్లు పెరిగి అదంతా తినేశాక, మేత చాలక మళ్ళీ అవే తగ్గిపోయాయి. ఈ ఊగిసలాట సర్దుకోవడానికి బాగా దెబ్బతిన్న చోట్ల పదేళ్ళు పైనే పట్టింది. డిటర్జెంట్ చల్లకుండా వదిలేసిన చోట లింపెట్లు బతికి, రాతి మీది చమురు పొరని కూడా గీకేశాయి.

ఇంకోటి, పాచిబుర్ర గారి నల్ల కుచ్చులకి దగ్గరి విషయం. అమెరికా ఈశాన్య తీరంలో అలలు తగ్గాక మిగిలే రాతి గుంటల మీద జేన్ లుబ్చెంకో అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధన 1978లో వచ్చింది. అక్కడి పెరివింకిల్ నత్తకి మెత్తటి పచ్చ నాచంటే ఇష్టం, గట్టి ఎర్ర నాచు కోండ్రస్ అంటే కిట్టదు. నత్తలు లేని గుంటలో త్వరగా పెరిగే పచ్చ నాచు అన్నిటినీ కప్పేస్తుంది. నత్తలు మరీ ఎక్కువున్న గుంటలో అవి తినని ఎర్ర నాచే మిగులుతుంది. ఒక మోస్తరుగా ఉన్న చోట రకాలు ఎక్కువ.

పాచిబుర్ర
ఆగండాగండి. అంటే నా నెరైట్లు మెత్తటి నాచు తినేసి నల్లదానికి చోటు ఖాళీ చేసి పెట్టాయా?

తీరంవెంట
అలా జరగడానికి వీలుంది అంటున్నా.

బురదరాణి
నేను ఒప్పుకోను. గుంటలో రెండు నాచులూ ఒకే రాయి మీద చోటు కోసం కొట్టుకుంటాయి. ట్యాంకులో పచ్చ చుక్కలు అద్దం మీద, నల్ల కుచ్చులు ఆకు అంచు మీదా ఫిల్టర్ మూతి మీదా. వీటి మధ్య పోటీ ఏముంది? నల్ల నాచు ముసలి ఆకులకీ, నీళ్ళు జోరుగా తగిలే చోటుకీ పడుతుంది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే ట్యాంకులో ఆ గ్యాస్ మోతాదు రోజుకో రకంగా ఊగుతుంటే మరీ. పాచిబుర్ర గారు గ్యాస్ ఇస్తున్నారా?

పాచిబుర్ర
ఇస్తున్నాను. సిలిండర్ అయిపోవచ్చింది, బుడగలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ.

బురదరాణి
అదిగో.

తీరంవెంట
సరే, అద్దం ఒకచోట ఆకు ఒకచోట అన్న మాట బలమైనదే. వెనక్కి తీసుకోను గానీ గట్టిగా పట్టుకోను కూడా.

గాజుగోడ
పాచిబుర్ర, చెయ్యాల్సింది: కుచ్చులు పట్టిన ముసలి ఆకుల్ని కత్తిరించి పారెయ్యండి, ఆ ఆకు ఎలాగూ కోలుకోదు. ఫిల్టర్ మూతి, పైపు బయటికి తీసి రుద్దండి. గ్యాస్‌ని లైట్ కన్నా ముందే మొదలయ్యేలా, రోజూ ఒకే తీరుగా సర్దండి. సియామీస్ ఆల్గీ ఈటర్ అనే చేప లేత నల్ల నాచు తింటుంది, కానీ పెరిగి పెద్దదవుతుంది, మేత రుచి మరిగితే నాచు మానేస్తుంది. దాని పోలికలతో వేరే చేపల్ని అదే పేరున అమ్ముతారు, జాగ్రత్త.

గ్యాస్ గురించి ఇంకో ముక్క. కార్బన్ డయాక్సైడ్‌తో నీళ్ళు ఆమ్లం వైపు జరుగుతాయి. నీళ్ళు మెత్తనివైతే, అంటే కాల్షియం తక్కువుంటే, నత్త గుల్ల మొన దగ్గర తెల్లబడి గుంటలు పడుతుంది. మీ వాటికి ఎలా ఉన్నాయి?

పాచిబుర్ర
రెండింటికి పైన తెల్లగా ఉంది. అది వయసేమో అనుకున్నా.

గాజుగోడ
అరుగుడు. పోయిన భాగం తిరిగి రాదు, కొత్తగా పెరిగే అంచు మాత్రం గట్టిగా వస్తుంది. కటిల్‌బోన్ (కటిల్ చేప లోపలి సున్నపు గుల్ల) ముక్కో, పగడపు పొడి సంచిలో కట్టి ఫిల్టర్‌లోనో పెట్టండి. ఒక్కసారిగా ఎక్కువ వద్దు, చేపలకీ అలవాటు కావాలి.

నత్తనడక
చేపలకి తెల్లమచ్చల జబ్బు వస్తే మందు సీసా మీద రాగి ఉందేమో చూడండి. రాగి నత్తలకి విషం. నత్తలు తీశాకే మందు, లేదంటే చేపని వేరే తొట్టిలో పెట్టి వైద్యం.

కొత్తనీళ్ళు
పాచిబుర్ర గారి అద్దం మొత్తం శుభ్రమైందన్నారు కదా, ఇప్పుడు నెరైట్లు ఏం తింటాయి?

నత్తనడక
ఈ థ్రెడ్‌లో అందరికన్నా మంచి ప్రశ్న. చాలా నెరైట్లు ఆకలితోనే చస్తాయి, మనం "ముసలిదై పోయింది" అనుకుంటాం. చేప మేత బిళ్ళలు కొన్ని తింటాయి, కొన్ని అటు చూడను కూడా చూడవు. నేను చేసేది చెబుతా: నున్నటి రాళ్ళు కొన్ని గాజు సీసాలో ట్యాంక్ నీళ్ళతో పోసి కిటికీ ఎండలో పెడతా. పచ్చబడ్డాక ఒకటి ట్యాంకులోకి, శుభ్రమైన రాయి మళ్ళీ సీసాలోకి. వెనక అద్దం అసలు తుడవను, అది వాటి పొలం.

మొండిఘటం
అంటే నాచు పోవాలని నత్త తెచ్చి, నత్త కోసం నాచు పెంచుతున్నారు.

నత్తనడక
అవును. అభ్యంతరమా?

తీరంవెంట
సేద్యం నత్తలకీ తెలుసు లెండి. అమెరికా ఆగ్నేయ తీరపు ఉప్పు చిత్తడి నేలల్లో ఒక పెరివింకిల్ గడ్డి ఆకుని గీకి గాయం చేస్తుంది. ఆ గాయంలో బూజు పెరుగుతుంది, అది తింటుంది, అక్కడే పెంట వేసి ఎరువు పెడుతుంది. సిలిమన్, న్యూవెల్ అనే ఇద్దరు 2003లో ఇది చూపించారు.

చేపలపిచ్చి
రైతు నత్తలు. మొండిఘటం అన్నా, మీకన్నా ముందున్నాయి.

పాచిబుర్ర
ముసలి ఆకులు కత్తిరించేశా, పైపు రుద్దేశా, సిలిండర్ మారుస్తున్నా. చివరగా ఒకటి: నాకూ ఆ చిన్న బ్లాడర్లు కనిపిస్తున్నాయి. వాటిని తినే అసాసిన్ నత్త వేస్తే నెరైట్లని వదిలేస్తుందా?

బురదరాణి
నమ్మకం లేదు. చిన్నవి దొరికినన్నాళ్ళు వాటిమీదే పడుతుంది, అవి అయిపోతే పెద్దవాటి మీదికి పోవచ్చు. నెరైట్ గుల్లకి మూత ఉంటుంది, గట్టిగా అతుక్కుంటుంది, అయినా రిస్కే. అసాసిన్ నాచు తినదు కూడా. బ్లాడర్లకి రాత్రి ఒక ఉడికించిన కూరగాయ ముక్క వేసి, పొద్దున్నే దాని మీద మూగినవాటితో సహా తీసెయ్యండి.

నత్తనడక
మూత అంటే గుర్తొచ్చింది, ట్యాంక్‌కి మూత ఉందా? నెరైట్లు రాత్రిపూట గట్టు దాటి బయటికొచ్చేస్తాయి. నేల మీద ఎండినట్టు కనిపించినా వెంటనే పారెయ్యకండి, లోపలి మూత బిగించుకుని తేమతో కొంతకాలం బతకగలవు. ట్యాంక్ నీళ్ళ గిన్నెలో పెట్టి చూడండి. కుళ్ళు వాసన వస్తేనే పోయినట్టు.

పాచిబుర్ర
మూత ఉంది, పైపు దగ్గర సందుంది. ఇవాళే స్పాంజి కుక్కుతా.